లంక ఊరు, వరద, పూనకం కలిసిన సైన్స్ ఫిక్షన్ కథ: రెండు వైపుల నుంచీ తిట్లే, ఎక్కడ విప్పి కుట్టాలి?

కొత్తనీరు:
12,000 పదాల నవలిక. కాలం 2075, గోదావరి పుష్కరాల ఏడాది. కోనసీమలో ఒక కల్పిత లంక ఊరు. సముద్రం పైకొచ్చి చేలు ఉప్పుబారాయి, ఊరు ఖాళీ చేయాలి. వరదను ముందే లెక్కగట్టి చెప్పే యంత్రం ఉంది. అదే రాత్రి ఒక కోడలికి పూనకం వచ్చి, గ్రామదేవత కూడా అదే మాట చెబుతుంది. చివర్లో ఏటిగట్టు తెగకుండా అమ్మవారే ఆపుతుంది. చదివిన ఇద్దరిలో ఒకరు మూఢనమ్మకాన్ని మోస్తున్నావన్నారు, ఇంకొకరు అమ్మవారిని వెటకారం చేశావన్నారు. ఒకే కథకి ఈ రెండు మాటలూ ఎలా వస్తాయండీ?

ఏటిగట్టు:
కథకుడి గొంతు నిలకడగా లేకపోతే వస్తాయి. తెలుగులో ఈ తప్పు క్రియ చివర దొరుకుతుంది. "అమ్మవారు పలికింది" నమ్మేవాడి మాట. "పలికిందట" విని చెప్పేవాడిది. "పూనినట్టు ఊగింది" నమ్మనివాడిది. మీ ప్రతిలో ఈ మూడూ కథకుడి నోటే వచ్చి ఉంటాయి.

సంభాషణలు వదిలేసి, మిగతా వచనంలో "అట", "నట్టు", "కాబోలు", "నమ్మకం", "మూఢ" వెతకండి. దొరికిన ప్రతిచోటా అది ఏ పాత్ర చూపో పక్కన పేరు రాయండి. ఏ పేరూ కుదరకపోతే అది మీ అభిప్రాయమే, కొట్టేయండి. "నమ్మకం" మీద ప్రత్యేకంగా కన్నేయండి. నమ్మేవాళ్లు తమది నమ్మకం అని చెప్పుకోరు, "అమ్మ ఉంది" అంటారు. ఆ మాట వాడారంటే మీరు బయట నిలబడి చూస్తున్నట్టే.

పూనకం నిజమో కాదో తేల్చకుండా చూపించడానికి పిలుపులు చాలు. అప్పటిదాకా కోడల్ని "ఏమే" అన్న అత్త, పూనగానే "తల్లీ, ఏం తక్కువ చేశాం?" అంటుంది. దిగాక మళ్లీ "ఏమే, లేచి కాసిని నీళ్లు తాగు". ఈ మూడు మాటలు సరిగ్గా పడితే విరబోసిన జుట్టు, ఎర్రబడ్డ కళ్లు, పసుపు నీళ్ల వర్ణన సగానికి సగం తీసేయొచ్చు.

పంటురేవు:
గొంతు సంగతి సరే. నాకు కనిపించే పెద్ద లోపం, యంత్రమూ అమ్మవారూ ఒకే మాట చెప్పడం. అప్పుడు ఇద్దరిలో ఒకరు దండగ. అయినా ఎన్ని అడుగుల నీరొస్తుందో అడగడానికి ఎవరూ గుడికి వెళ్లరు. మొక్కు ఏం బాకీ ఉందో అడగడానికి వెళతారు. యంత్రాన్ని ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం, వేళ చెప్పనివ్వండి. అమ్మవారిని "నా గరగ రేవు దాటకుండా ఊళ్లో ఎవరి కాలూ రేవు దాటకూడదు" అననివ్వండి (గరగ అంటే నెత్తిన మోసే అమ్మవారి కలశం).

ఇప్పుడు లెక్క మొదలవుతుంది. ఊళ్లో 240 మంది, పంటుకి (ఏరు దాటించే పెద్ద పడవకి) 60 మంది అనుకోండి, నాలుగు ట్రిప్పులు. గరగ ఎత్తి డప్పులతో రేవుకి తీసుకొచ్చేసరికి ఒక ట్రిప్పు పట్టేంత వేళ పోతుంది. ఒడ్డున మిగిలే ఆ 60 మంది ఎవరు? కథ అక్కడుంది.

పురాణాల్లో, స్థలపురాణాల్లో ఈ పనితనం చూడండి. హిరణ్యకశిపుడి వరంలో పగలు కాదు రాత్రి కాదు, ఇంటా కాదు బయటా కాదు అన్న షరతులే సంధ్యవేళనీ గడపనీ తెచ్చిపెట్టాయి. అంతర్వేది కథలో రక్తవిలోచనుడి నెత్తురు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారు. విరుగుడు ఇంకా పెద్ద ఆయుధం కాదు. నెత్తురు నేల తాకకుండా శక్తి నాలుక చాపుతుంది, అంతే. సందు షరతులోనే ఉంది. మీ గట్టు ఆగడానికి అలాంటి షరతేదీ ముందు పెట్టలేదు. వివరణ అందని సంఘటన ఒక్కటే ఉంచండి, అదీ మొదటి 3,000 పదాల్లో. ఆ తర్వాత అంతా దాని పర్యవసానాలే. చివర్లో మహిమ ఊరిని కాపాడితే నమ్మని పాఠకుడు నవ్వి ఊరుకుంటాడు. నమ్మే పాఠకుడికే ఎక్కువ మండుతుంది: మరి 1986 గోదావరి వరదని ఎందుకు ఆపలేదు?

దాళ్వా:
వివరాల్లో కొన్ని సరిచూడండి.

2015 పుష్కరాలకి పన్నెండేసి ఏళ్లు కలుపుకుంటూ 2075 అనేసినట్టున్నారు. గోదావరి పుష్కరం గురుడు (బృహస్పతి గ్రహం) సింహరాశిలో అడుగుపెట్టినప్పుడు. ఆయన చుట్టు 11.86 ఏళ్లు, అందుకే ఏడు చుట్లకు దాదాపు ఒక ఏడాది ముందే వచ్చేస్తుంది. 2015 జూలై నుంచి ఐదు చుట్లంటే 59.3 ఏళ్లు, సుమారుగా 2074 రెండో సగం. సరైన రోజు పంచాంగం సాఫ్ట్‌వేర్‌లో చూసి, అది వరదల నెలలో పడకపోతే పుష్కర జనాన్నీ వరదనీ ఒకే వారంలో పెట్టకండి.

ధవళేశ్వరంలో మూడు ప్రమాద హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగుల దగ్గర. వాటిని 10, 13, 17 లక్షల క్యూసెక్కులుగా కూడా చెబుతారు. "భారీ వరద" అని రాయడం కంటే "మూడోది ఎగరేశారు" అంటే డెల్టా పాఠకుడికి కడుపులో చెయ్యి పెట్టి దేవినట్టుంటుంది. అదే వేళకి సముద్రం పోటు మీదుంటే నీరు దిగదు, యంత్రం చేత అదీ చెప్పించండి.

2074లో 1986 వరద చూసినవాళ్లు తొంభై దాటి ఉండాలి. పంటు నడిపే సరంగుకి అరవై రెండేళ్లు అనుకుంటే అతనికి గుర్తుండేది 2022 జూలై వరద, అప్పుడతనికి పదేళ్లు.

ఊళ్లో చర్చి ఏదండీ? నరసాపురం వైపు క్రైస్తవ మిషన్ పని 1830ల్లోనే మొదలైంది. ఖాళీ చేసే ఊళ్లో గుడి ఒక్కటే కనబడితే సగం ఊరు రాయనట్టే. అక్కడి భక్తి మాట వేరు: "వందనాలండీ", కూడికలో (ప్రార్థన కూటంలో) సాక్ష్యం చెప్పడం. మొక్కు ముందు కుదుర్చుకునేది, సాక్ష్యం జరిగాక చెప్పేది. ఒకే పంటులో రెండు కుటుంబాలు ఎదురెదురుగా కూర్చుంటే ఆ తేడా మీరు వివరించక్కర్లేదు. అన్నట్టు గోదావరి యాస కోసమని ప్రతి మాటకీ "ఆయ్" తగిలించకండి, సినిమా హాస్యమవుతుంది. పేజీకి ఒక్కటి ఎక్కువే.

కొత్తనీరు:
గట్టు తెగిపోతే అమ్మవారు ఓడినట్టు కాదా?

దాళ్వా:
అవుతుందనే నా అనుమానం. గట్టు ఉండనివ్వండి, గుడి మాత్రం మునగనివ్వండి.

పంటురేవు:
నేనైతే తెగనిస్తాను. ఆవిడ గట్టు ఆపుతానని మాటివ్వలేదు, గరగ దాటించమని అడిగింది. గట్టు తెగుతుందని యంత్రం చేత ముందే చెప్పించండి కూడా. చివరి ట్రిప్పులో గరగ కోడలి నెత్తిన ఉంటుంది, పక్కన అత్త ఉంటుంది. అప్పుడు అత్త "ఏమే" అంటుందో "తల్లీ" అంటుందో ముందు తేల్చుకుని ఆ వాక్యం రాసుకోండి. పూనకం సీను ఆ తర్వాత తిరగరాయండి.