శకటు, గుర్రంతో ఆటకట్టు: 50 ఎత్తులు చాలడం లేదు

మూలగడి: చదరంగం చివర్లో నాకు రాజు, శకటు (బిషప్), గుర్రం, ఎదుటివాళ్లకు ఒంటరి రాజు మిగిలితే ఆట కట్టలేకపోతున్నాను; బంటు కదలక, పావు చావక 50 ఎత్తులు గడిచి డ్రా అవుతోంది. ఎదుటి రాజును అంచుకు నెట్టడం వస్తుంది. అక్కడి నుంచి సరైన మూలకు తోలేదెలా? మంత్రికీ ఏనుగుకీ మధ్య ముగింపు గురించి కూడా చెప్పండి.

బంటు64: ముందు మూల తేల్చుకోండి. శకటు నడిచే రంగు మూలలోనే బలవంతంగా ఆట కట్టగలం. తెల్లగళ్ల శకటైతే ఏ8, లేదా హెచ్1 (అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస). అందుకే నల్లరాజు నల్లగడి అయిన హెచ్8 మూలలో దూరుతుంది. ఎంత చెడ్డ స్థితి నుంచైనా 33 ఎత్తులు చాలు, అంటే 17 వృథా అయినా ఫర్వాలేదు.

ఇది పేర్చండి: తెల్లరాజు ఎఫ్6, గుర్రం ఎఫ్7, శకటు ఈ4, నల్లరాజు జి8. ముందు తెల్ల ఎత్తు, తర్వాత నల్లది: శకటు ఎఫ్5, రాజు ఎఫ్8. శకటు హెచ్7, రాజు ఈ8. గుర్రం ఈ5, రాజు డి8. రాజు ఈ6, రాజు సి7. చాలామంది బెదిరేది ఇక్కడే. రాజు పారిపోతోందని గుర్రంతో వెంటపడితే నిజంగానే పారిపోతుంది. చెక్ ఇవ్వకుండా గుర్రాన్ని డి7లో పెట్టండి; రాజు బి7కి వెళ్తే శకటు డి3. ఇప్పుడు గుర్రం బి6, సి5లను, శకటు ఏ6, బి5లను, మన రాజు డి5, డి6లను కాస్తున్నాయి. సి6కి వచ్చినా వెనక్కి పోవాల్సిందే.

నల్లరాజు అంచు వదలకపోతే గుర్రం దారి ఎఫ్7, ఈ5, డి7, సి5, బి7. గీస్తే ఇంగ్లిష్ డబ్ల్యూ అక్షరం.

ఏనుగుకాపు: దీన్ని చిన్నచూపు చూడొద్దండీ. అప్పటి మహిళా ప్రపంచ విజేత అన్నా ఉషెనినా 2013లో జెనీవాలో ఓల్గా గిర్యాపై ఇదే ముగింపును గెలవలేకపోయారు.

మంత్రి-ఏనుగుకు ఒక్క స్థితి గుర్తుంచుకోండి: తెల్లరాజు సి6, మంత్రి ఏ5; నల్లరాజు బి8, ఏనుగు బి7. నల్ల వంతైతే ఏనుగు రాజును వదలక తప్పదు. బి1కి పోతే డి8, డి4, హెచ్8, హెచ్7 గళ్ల నుంచి వరుసగా చెక్‌లు. చివరి దానితో ఏనుగు దొరుకుతుంది. వంతు మనదైతే? మంత్రి ఈ5 చెక్, రాజు ఏ7, మంత్రి ఏ1 చెక్, రాజు బి8, మళ్లీ ఏ5. అదే స్థితి, వంతు మాత్రం నల్లది.

మూలగడి: చివర్లో స్టేల్‌మేట్ (చెక్ లేకున్నా కదలడానికి గడి లేక డ్రా) అవుతోంది. తెల్లరాజు బి6, గుర్రం సి5, శకటు డి7; నల్లరాజు ఏ8. గుర్రం ఏ6 ఆడితే అంతే.

బంటు64: అవుతుంది మరి, బి8 కూడా మూసేశారుగా. గుర్రాన్ని కదపకుండా శకటును ఈ6కి జరపండి, సి8 మీద కాపు పోదు. రాజు బి8కి వస్తుంది, వేరే గడి లేదు. అప్పుడు గుర్రం ఏ6 చెక్, రాజు ఏ8, శకటు డి5. ఆటకట్టు.