గ్వోఛి: అవమానమా, సిగ్గా, తలవంపా?

ప్రశ్న: సార్, నమస్తే. నేను న్యూస్ డెస్కులో చేరి ఏడాదైంది. చైనా వార్త వచ్చినప్పుడల్లా ఏజెన్సీ కాపీలో 'సెంచరీ ఆఫ్ హ్యుమిలియేషన్' అని ఉంటోంది. విదేశీయుల చేతిలో చైనా దెబ్బతిన్న నూరేళ్లకు పెట్టిన పేరది. మేం 'అవమాన శతాబ్దం' అని రాసేస్తున్నాం. చదువుతుంటే అతికించినట్టుగా ఉంది. దీనికి అసలు చైనీస్ మాట ఏమిటి? తెలుగులో ఇంతకంటే మంచి మాట లేదా?

జవాబు: నమస్తే అమ్మా. ఈ మాట నన్నూ చాలాకాలంగా పట్టి పీడిస్తోంది. డెస్కులో ఉన్నన్నాళ్లూ నేనూ 'అవమాన శతాబ్దం' అనే రాశాను. రిటైరయ్యాక చైనీస్ అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. ఇన్నేళ్లూ నేను రాసింది సగం అర్థమేనని అప్పుడు తెలిసి చాలా బాధపడ్డాను.

అసలు మాట 'గ్వోఛి'. గ్వో అంటే దేశం. ఛి దగ్గరే ఉంది చిక్కంతా. (మన 'ఛీ'కీ దానికీ చుట్టరికం లేదు. కానీ నేను ఆ అక్షరాన్ని గుర్తుపెట్టుకున్నది అలాగే.) పాత రాతలో ఈ అక్షరానికి ఎడమవైపు చెవి, కుడివైపు గుండె ఉంటాయి. చెవి గుర్తు ఉచ్చారణ కోసం వచ్చిందని పండితులు చెబుతారు. జనం మాత్రం సిగ్గుపడితే చెవులు ఎర్రబడతాయి కదా, అందుకే అలా రాశారని చెప్పుకుంటారు. ఇప్పుడు చైనాలో రాసే రూపంలో గుండె పోయి, ఆ చోట 'ఆగు' అనే గుర్తు వచ్చింది.

ఇప్పుడు చిన్న పరీక్ష పెట్టి చూడండి. చైనీస్‌లో ఎవరినైనా గట్టిగా తిట్టాలంటే 'వూఛి' అంటారు. వూ అంటే లేదు. 'సిగ్గులేనివాడు' అని అర్థం. అక్కడ 'అవమానం లేనివాడు' అని పెట్టగలమా? పెట్టలేం. అవమానం ఎదుటివాడు చేసేది. సిగ్గు మన లోపల పుట్టేది. ఎదుటివాడు చేసేదానికి చైనీస్‌లో 'రూ' అని వేరే మాట ఉంది. రెండూ కలిపి 'ఛిరూ' అని కూడా వాడతారు. కానీ గ్వోఛిలో ఉన్నది రూ కాదు, ఛి.

పైగా ఛి అక్కడ ఒక సద్గుణం. మర్యాద, ధర్మం, నిజాయితీ, సిగ్గు. ఈ నాలుగూ రాజ్యాన్ని నిలబెట్టే పగ్గాలని వాళ్ల పాత నీతి. 1934లో అప్పటి చైనా పాలకుడు చియాంగ్ కై షేక్ 'నవజీవన ఉద్యమం' అని మొదలుపెట్టినప్పుడు ఈ నాలుగింటినే పునాదిగా పెట్టుకున్నాడు. 2006లో అప్పటి అధ్యక్షుడు హు జింటావో 'ఎనిమిది గౌరవాలు, ఎనిమిది సిగ్గులు' అని ప్రకటించాడు. దేశాన్ని ప్రేమించడం గౌరవం, దేశానికి హాని చేయడం ఛి. అక్కడా 'అవమానం' అని రాస్తే వాక్యమే చెడిపోతుంది.

ప్రశ్న: మరి విదేశీయులు చేసిందే కదా సార్, నల్లమందు యుద్ధాలూ అవీ? అది అవమానం కాదా?

జవాబు: అవమానమే, అందులో సందేహం లేదు. బ్రిటన్‌తో నల్లమందు యుద్ధంలో ఓడాక 1842 నాన్‌జింగ్ ఒప్పందంలో హాంకాంగ్ దీవి బ్రిటన్‌కు పోయింది. 2.1 కోట్ల వెండి డాలర్లు కట్టాలన్నారు, 5 రేవులు తెరవాలన్నారు. 1860లో బ్రిటిష్, ఫ్రెంచ్ సేనలు బీజింగ్ దగ్గరి యువాన్‌మింగ్‌యువాన్ రాజోద్యానాన్ని దోచుకున్నాయి. తర్వాత బ్రిటిష్‌వాళ్లు దాన్ని తగలబెట్టారు. 1895లో జపాన్‌కు తైవాన్ పోయింది. 1901లో, విదేశీయుల మీద లేచిన బాక్సర్ల తిరుగుబాటుకు జరిమానాగా 45 కోట్ల టేల్‌ల వెండి అడిగారు. టేల్ అంటే సుమారు 37 గ్రాములు. అప్పటి చైనా జనాభా 45 కోట్లన్న లెక్కన తలకొక టేల్. 39 ఏళ్ల వాయిదాలు, ఏటా 4 శాతం వడ్డీ. అప్పుడే పుట్టిన పసిబిడ్డ మీద కూడా అప్పు వేసినట్టే కదా!

కానీ ఆ రోజుల్లో చైనావాళ్లు 'గ్వోఛి' అన్నప్పుడు వేలు ఎటు చూపించారో చూడాలి. 1915 జనవరిలో జపాన్, చైనాలో తనకు మరిన్ని హక్కులు కావాలంటూ అప్పటి అధ్యక్షుడు యువాన్ షికాయ్ ప్రభుత్వం ముందు 21 డిమాండ్లు పెట్టింది. మే 7న గడువు విధించింది. మే 9న ఆ ప్రభుత్వం చాలావాటికి తలూపింది. ఆ మే 9కి జనం 'గ్వోఛి దినం' అని పేరు పెట్టుకున్నారు. కోపం జపాన్ మీదా ఉంది, తల ఊపిన ఇంటివాళ్ల మీదా ఉంది.

1919 మే 4 సంగతి ఇంకా స్పష్టం. షాన్‌డాంగ్‌లో జర్మనీకి ఉన్న హక్కుల్ని పారిస్ శాంతి సభ జపాన్‌కు ఇచ్చేసిందని తెలిసి సుమారు 3,000 మంది విద్యార్థులు తియానన్మెన్ దగ్గర చేరారు. విదేశీ దౌత్య కార్యాలయాలున్న పేటలోకి వాళ్లను రానివ్వలేదు. అక్కడి నుంచి ఎటు వెళ్లారు? సావో రులిన్ అనే తమ సొంత మంత్రి ఇంటికి. 1915లో జపాన్‌తో బేరసారాల్లో కూర్చున్నవాళ్లలో ఆయనా ఒకడు. ఆ ఇంటికి నిప్పు పెట్టారు. నెల తిరిగేసరికి ప్రభుత్వం ఆయన్నీ, ఇంకో ఇద్దరు అధికారులనూ పదవుల నుంచి తప్పించింది. జూన్ 28న వెర్సాయ్ ఒప్పందం మీద చైనా ప్రతినిధులు సంతకం చేయలేదు. ఇల్లు తగలబెట్టడం నేను మెచ్చను. కానీ 'మనవాళ్లే మన పరువు అమ్మేశారు' అన్న ఆ మంట సిగ్గులోంచి పుట్టింది.

రచయిత లూ షున్ అనుభవం కూడా ఇలాంటిదే. జపాన్‌లోని సెండాయ్‌లో వైద్యం చదువుతున్నప్పుడు క్లాసులో ఒక స్లైడ్ చూశానని ఆయన తర్వాత రాసుకున్నాడు. రష్యా, జపాన్ యుద్ధంలో రష్యాకు గూఢచారిగా పనిచేశాడని ఒక చైనీయుడి తల జపాన్ సైనికులు నరకబోతున్నారు. చుట్టూ చైనీయులే, బలంగా ఉన్న మనుషులే, వేడుక చూసినట్టు నిలబడి ఉన్నారు. ఆయన గుండెలో దిగింది జపాన్ సైనికుడి కత్తి కాదు, ఆ చూస్తున్న ముఖాలు. వైద్యం మానేసి రచనలోకి వచ్చాడు. దీన్ని 'అవమానం' అంటే ఆయన బాధ మనకు అందనట్టే.

మరొకరు: మా దిక్కు 'ఇజ్జత్ వోయింది' అంటం. 'నామోషీ' అని గూడ అంటరు. అవి పనికిరావా సార్?

జవాబు: మంచి మాటలు గుర్తుచేశారు. ఇజ్జత్, పరువు చైనీస్‌లో 'మ్యెన్‌జ'కు దగ్గర. మ్యెన్‌జ అంటే ముఖం. మనం 'ఏ ముఖం పెట్టుకుని వెళ్లను' అన్నట్టే వాళ్లూ పరువు పోతే 'ముఖం పారేసుకున్నాడు' అంటారు. అది నలుగురి కళ్లలో చిన్నబోవడం. ఛి ఇంకా లోతు, చీకట్లో ఒక్కడివే ఉన్నా కుట్టేది. నామోషీ బాగుంటుంది కానీ మనం దాన్ని చిన్నవాటికి వాడతాం. 'పాత బండి మీద పెళ్లికి వెళ్లడం నామోషీ' అంటాం. తలకొక టేల్ అప్పుకి ఆ మాట తేలిపోతుంది.

నాకు తోచింది 'తలవంపు'. పరాయివాడు చేసినా, సొంత బిడ్డ చేసినా ఇంటికి తలవంపే. లోపలి సిగ్గూ, బయటి దెబ్బా రెండూ అందులో ఉన్నాయి. 1915 గురించి, 1919 గురించి రాస్తే 'దేశానికి తలవంపు' అని రాయండి.

ప్రశ్న: 'శ్యువేఛి' అని కూడా ఎక్కడో చదివాను సార్. అది ఇదేనా?

జవాబు: అవును, అదే ఛి. 'శ్యువే' మామూలుగా మంచు. క్రియగా వాడితే కడిగి తుడిచేయడం. సిగ్గును మంచులా తెల్లగా కడిగేసుకోవడం అన్నమాట. 1928 మే నెలలో జినాన్‌లో జపాన్ సేనలతో ఘర్షణ జరిగింది. అందులో తన పక్షం దెబ్బతిన్నాక చియాంగ్ కై షేక్ రోజూ డైరీ పేజీ పైన ఈ రెండక్షరాలు రాయడం మొదలుపెట్టి, ఏళ్ల తరబడి అలాగే రాశాడు. ముందు ఆ రెండక్షరాలు, తర్వాతే ఆ రోజు సంగతులు. నోట్‌బుక్‌లో ఆ మాట దిద్దినప్పుడల్లా నాకు ఆ డైరీ పేజీలే గుర్తొస్తాయి.

దీని వెనక పాత కథ ఉంది. క్రీస్తుపూర్వం అయిదో శతాబ్దంలో చైనాలోని యువే అనే రాజ్యానికి రాజైన గోజియాన్ పొరుగున ఉన్న వూ రాజ్యం చేతిలో ఓడి, ఊడిగం చేసి ఇంటికొచ్చాడు. పుల్లల మోపు మీద పడుకుంటూ, పిత్తాశయం వేలాడదీసుకుని ఆ చేదు నాకుతూ ఏళ్లు గడిపాడట. చివరికి వూ రాజ్యాన్ని కూల్చాడు. మనకు ద్రౌపది విరబోసుకున్న జుట్టు ఎలాగో వాళ్లకు ఆ చేదు అలాగ. తేడా ఒక్కటే. ద్రౌపది జుట్టు కౌరవులకూ, నిండు సభకూ గుర్తు చేయడానికి. గోజియాన్ నాకిన చేదు తనకి తాను గుర్తు చేసుకోవడానికి.

మరొకరు: మాది సూర్యాపేట అన్నా. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన 20 మంది ప్రాణాలు పోయినయి. కర్నల్ సంతోష్ బాబు మా ఊరి బిడ్డ. వాళ్ల సిగ్గు కోసం మనం ఇంత మంచి మాట వెతకాల్నా?

జవాబు: మీ మాట నాకు తగిలింది తమ్ముడూ. ఆ వారం మీ ఊరు ఎలా ఉందో టీవీలో చూసి నేనూ ఏడ్చాను. ఆ మాట వాళ్లను పొగడటానికి వెతకడం లేదు. ఎదుటివాడి మనసులో ఏముందో మన భాషలో సరిగ్గా తెలియకపోతే మోసపోయేది మనమే, అందుకోసం.

గల్వాన్‌లోనే చూడండి. తమవాళ్లు నలుగురు చనిపోయారని చైనా ఎనిమిది నెలలు గడిచాక, 2021 ఫిబ్రవరిలో గానీ చెప్పలేదు. ఆ లెక్క మీద అనుమానం వెలిబుచ్చుతూ పోస్టు పెట్టిన ఒక బ్లాగర్‌ను, మాజీ జర్నలిస్టును, అదే ఏడాది 8 నెలలు జైల్లో పెట్టారు. 1919లో అయితే 'మన ప్రభుత్వం ఏం దాస్తోంది' అని అడగడం దేశభక్తి. ఇప్పుడు అమరవీరుల్ని కించపరిచిన నేరం.

ఈ మార్పు ఎప్పుడు వచ్చిందంటే, 1989 తియానన్మెన్ తర్వాత. విద్యార్థులు మళ్లీ సొంత ప్రభుత్వం వైపు వేలు చూపించారు. 1994లో కమ్యూనిస్టు పార్టీ దేశభక్తి విద్యకు ప్రణాళిక తెచ్చింది. బడి పుస్తకాలు, మ్యూజియంలు, యుద్ధ స్మారకాలు అన్నింట్లో విదేశీయులు చేసిన గాయాలు ముందుకొచ్చాయి. 2012 నవంబర్‌లో షీ జిన్‌పింగ్ 'చైనా కల' గురించి మొదట మాట్లాడింది నేషనల్ మ్యూజియంలో, నల్లమందు యుద్ధంతో మొదలయ్యే ప్రదర్శన చూశాకే. అక్షరం అదే, గ్వోఛి. కానీ లోపలి ఛి నెమ్మదిగా బయటి రూ అయిపోయింది. అందుకే అమ్మా, ఇప్పటి నాయకుల ప్రసంగాల వరకు మీ డెస్కు రాసే 'అవమాన శతాబ్దం' తప్పేం కాదు. వాళ్లిప్పుడు చెబుతున్నది అదే.

అయితే అవమానం ఒక్కటే మిగిలితే ఏమవుతుందో 2012 సెప్టెంబర్‌లో కనబడింది. చైనా కూడా తనవేననే సెంకాకు దీవుల్లో మూడింటిని జపాన్ ప్రభుత్వం కొన్నదని చైనా నగరాల్లో ఊరేగింపులు జరిగాయి. షియాన్‌లో ఒకాయన టయోటా కారులో భార్యతో వెళ్తున్నాడు. ఆయన చైనీయుడే. ఆ గుంపులో ఒకడు ఇనుప తాళంతో తల మీద కొడితే పుర్రె చిట్లి పక్షవాతం వచ్చింది. కొట్టినవాడికి 10 ఏళ్ల శిక్ష పడింది. జపాన్ కారు ఉండటమే ఆయన చేసిన నేరం!

ప్రశ్న: 'చైనా ప్రజల మనోభావాలు గాయపడ్డాయి' అని వాళ్ల విదేశాంగ శాఖ తరచూ అంటుంది కదా. మనవాళ్ల 'మనోభావాలు దెబ్బతిన్నాయి' లాంటిదేనా?

జవాబు: అచ్చంగా అదే, అనువాదం కూడా అక్కర్లేదు. ఆ మాట 'పీపుల్స్ డైలీ' పత్రికలో మొదట 1959లో కనబడిందంటారు. అదీ సరిహద్దు తగాదాలో మన దేశాన్ని ఉద్దేశించి. 2023లో దాన్ని చట్టంలోకి తెద్దామని చూశారు. 'చైనా జాతి మనోభావాలను గాయపరిచే' దుస్తులు వేసుకుంటే 15 రోజుల దాకా నిర్బంధం, 5,000 యువాన్‌ల దాకా జరిమానా అని ముసాయిదాలో పెట్టారు. ఏది గాయపరుస్తుందో తేల్చేది ఎవరని అక్కడి న్యాయశాస్త్ర అధ్యాపకులే పేరు పెట్టి మరీ అడిగారు. జనం నుంచి కూడా బోలెడు అభ్యంతరాలు వెళ్లాయి. అంతకు ముందు ఏడాదే సూజౌలో కిమోనో వేసుకుని ఫొటోలు దిగుతున్న అమ్మాయిని పోలీసులు పట్టుకెళ్లారు కాబట్టి ఆ భయం ఉత్తిది కాదు.

ఇక్కడ 'జాతి' అన్న మాట దగ్గర కూడా జాగ్రత్త. మూలంలో 'మింజు'. 56 మింజులు ఉన్నాయంటారు, టిబెటన్లు, వీగర్లు, మంచూలు అందరూ కలిపి. మళ్లీ అందరూ కలిసి ఒకే 'ఝోంగ్‌హ్వా మింజు' అనీ అంటారు. మనం 'తెలుగు జాతి' అంటాం, 'భారత జాతి' అనీ అంటాం, సరిగ్గా అలాగే. కాబట్టి తెలుగులో 'జాతి' బాగా కుదురుతుంది, కానీ ఏ అర్థంలో వాడుతున్నారో ప్రతిసారీ చూసుకోవాలి. 1905లో టోక్యోలో విప్లవకారుడు సన్ యట్ సెన్ బృందం చేసిన ప్రతిజ్ఞలో తరిమేయాల్సిన పరాయివాళ్లు, అప్పుడు చైనాను ఏలుతున్న మంచూలే. 1912లో రిపబ్లిక్ వచ్చాక అదే మంచూలకు, అయిదు జాతులకు గుర్తుగా పెట్టిన అయిదు రంగుల జెండాలో ఒక రంగు ఇచ్చారు. 1842 కాగితం మీదా, 1901 కాగితం మీదా సంతకం చేయించింది ఆ మంచూ రాజవంశమే. మరి ఆ తలవంపు ఎవరిది? 1905లో అడిగితే ఒక జవాబు, ఇవాళ అడిగితే ఇంకో జవాబు.

'శ్యువేఛి'కి మాత్రం నాకింకా సరైన తెలుగు దొరకలేదు. 'పగ తీర్చుకోవడం' అంటే ఎదుటివాడి మీదకే పోతుంది. 'మచ్చ కడుక్కోవడం' కొంత నయం, కానీ అందులో ఆ చేదు లేదు. మీ ఇళ్లలో పెద్దవాళ్లు ఇలాంటిదానికి ఏమంటారో ఇక్కడ రాయండి.