తీరిక లేనివారికి రోజూ రాయాలన్న నియమం మేలు చేస్తుందా?

కూర్మన్నపాలెం నుంచి:
నాది కర్మాగారంలో మూడు షిఫ్టుల ఉద్యోగం. ఒక వారం ఉదయం 6 గంటలకు (ఎ షిఫ్టు), మరో వారం మధ్యాహ్నం 2 గంటలకు (బి షిఫ్టు), ఇంకో వారం రాత్రి 10 గంటలకు (సి షిఫ్టు) డ్యూటీ ఎక్కాలి. కథలు రాయాలని చాలాకాలంగా కోరిక. రోజూ తెల్లవారి 5 గంటలకు లేచి ఒక పేజీ రాస్తే అలవాటు దానంతట అదే పడుతుందని ఒక మిత్రుడు చెబితే, బి షిఫ్టు వారంలో మొదలుపెట్టాను. ఆ వారం బాగానే సాగింది. సి షిఫ్టు వచ్చేసరికి 5 గంటలకు ఇంకా డ్యూటీలోనే ఉన్నాను. ఎ షిఫ్టులో అయితే ఆ వేళకు క్యారేజీ చేతబట్టుకొని బస్సు కోసం నిలబడి ఉంటాను. ఒకసారి తెగాక నోటుపుస్తకం మళ్ళీ నాలుగు నెలలకు గాని తెరవలేదు. నిర్ణీత వేళకు రోజూ రాయడం నిజంగా అవసరమా, వీలు చిక్కినప్పుడు రాస్తే సరిపోదా?

సీతమ్మధార నుంచి:
అవసరమే. వీలు చిక్కినప్పుడు రాద్దామనుకున్నవారికి వీలు చిక్కడం నా ముప్పై ఏళ్ళ అధ్యాపక జీవితంలో నేను చూడలేదు. పంతొమ్మిదో శతాబ్దపు ఆంగ్ల నవలాకారుడు ఆంథోనీ ట్రోలప్ బ్రిటిష్ తపాలా శాఖలో బాధ్యత గల ఉద్యోగం చేస్తూనే, తెల్లవారి 5:30 గంటలకు బల్ల ముందు కూర్చొని, గడియారం ఎదురుగా పెట్టుకొని, పావుగంటకు 250 మాటల చొప్పున రాసేవారు. ఆయన రాసిన నవలలు 47. 1867లో ఉద్యోగం వదిలేనాటికే వాటిలో ఇరవై దాకా అచ్చయ్యాయి. ప్రేరణ కోసం ఎదురుచూసి ఉంటే అందులో సగమైనా వచ్చేవి కావు.

మధురవాడ నుంచి:
మాస్టారూ, ఆ 5:30 గంటల వెనుక మరొక మనిషి ఉన్నాడు. తనను లేపి కాఫీ తెచ్చివ్వడానికి ఒక ముసలి నౌకరుకు ఏడాదికి 5 పౌండ్లు అదనంగా ఇచ్చానని, తన విజయానికి అందరికన్నా ఎక్కువగా అతనికే రుణపడి ఉన్నానేమోనని ట్రోలప్ తన ఆత్మకథలో తానే రాసుకున్నారు. మా ఇంట్లో 5:30కు కాఫీ కలిపే ఆ నౌకరును నేనే. పిల్లల డబ్బాలు, అత్తగారి మందులు, ఆ తరువాత నా ఆఫీసు. రోజూ రాయాలన్న నియమం పెట్టుకున్న రెండేళ్ళూ నాకు మిగిలింది అపరాధభావమే.

ఇప్పుడు నేను చేసేది వేరు. చపాతీ పిండి అంటిన వేలికి ఫోను తెర లొంగదు కాబట్టి, తట్టిన వాక్యాన్ని పైకి చెప్పి రికార్డు చేస్తాను. కుక్కరు కూత, పక్కింటివాళ్ళ టీవీ కూడా అందులో పడతాయి. శనివారం మధ్యాహ్నం పిల్లలు ట్యూషనుకు వెళ్ళిన రెండు గంటల్లో వాటిని విని రాసుకుంటాను. సగం పనికిరావు. మిగిలిన సగంతో ఈ ఏడాది మూడు కథలు పూర్తయ్యాయి.

పెదవాల్తేరు నుంచి:
ఇద్దరూ ‘రోజూ’ అన్న మాట దగ్గరే ఆగిపోయారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనించి 2010లో ప్రచురించిన పరిశోధనలో, ఒక పని అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి పట్టిన కాలం మధ్యస్థంగా 66 రోజులు; మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల వరకు తేడా ఉంది. ఇక్కడ మనకు పనికివచ్చే సంగతులు రెండు. ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు పడటం చెప్పుకోదగినంతగా దెబ్బతినలేదు. పైగా వారు పనిని గడియారానికి కాక, ‘ఉదయం ఫలహారం అయ్యాక’ వంటి ఒక సందర్భానికి ముడివేశారు. షిఫ్టు మారితే గడియారం మారుతుంది గాని, డ్యూటీ దిగి ఇల్లు చేరడం మారదు కదా.

అయితే ఆ పరిశోధనలోని పనులు పండు తినడం, నీళ్ళు తాగడం, వ్యాయామం వంటివి. పుస్తకం ముందు కూర్చోవడం అలా అలవాటు కావచ్చు. కూర్చున్నాక వాక్యం రావడం నీళ్ళు తాగడమంత సులువు కాదు.

ఎం.వి.పి. కాలనీ నుంచి:
ఉదాహరణకు లండను దాకా ఎందుకు వెళ్ళారో అర్థం కాలేదు. మన విశాఖపట్నంలోనే సెయింట్ ఆంథోనీస్ ఉన్నత పాఠశాలలో మూడు దశాబ్దాలు లెక్కలు చెప్పిన కాళీపట్నం రామారావుగారు రాసిన కథలు రాశిలో తక్కువే. 1995లో సాహిత్య అకాడమీ పురస్కారం ఆ కొద్ది కథలకే వచ్చింది. రావిశాస్త్రిగారు ఇక్కడే వకీలుగా పనిచేశారు. కోర్టు వరండాలో కనిపించిన మనుషులే ఆయన కథల్లోకి నడిచి వచ్చారు గనుక, ఉద్యోగం ఆయన రాతకు అడ్డమైందని అనలేం. ప్రశ్న అడిగినవారికి కర్మాగారం కథల గని. దాని నుంచి తప్పించుకొని రాయాలనుకోవడం దగ్గరే చిక్కు వస్తున్నదని నా అనుమానం.

సీతమ్మధార నుంచి:
నౌకరు విషయంలో మధురవాడ అమ్మాయి మాట ఒప్పుకుంటున్నాను. నేను రాసుకున్న రోజుల్లో వంటింట్లో ఎవరున్నారో నాకు తెలుసు. కానీ ఆమె శనివారం రెండు గంటలు కూడా నిర్ణీత వేళే. నా వాదానికి అది వ్యతిరేకం కాదు. రామారావుగారి సంయమనాన్ని చూపి కొత్తవారు చేతులు కట్టుకొని కూర్చోవడం మాత్రం ప్రమాదమే: తక్కువ రాయడం వేరు, రాయకపోవడం వేరు.

కూర్మన్నపాలెం నుంచి:
పెదవాల్తేరు వారు చెప్పినట్టు మూడు వారాలు చేసి చూశాను. ఏ షిఫ్టయినా సరే, ఇంటికి వచ్చి బూట్లు విప్పి, కాళ్ళు కడుక్కొని, అన్నం ముందు కూర్చోకముందే ఆరు వాక్యాలు. తింటే నిద్ర ముంచుకొస్తుంది, అందుకని ముందే. బి షిఫ్టు దిగి వచ్చేసరికి ఇంట్లో అందరూ నిద్రలో ఉంటారు కాబట్టి వరండా దీపం కింద చెప్పుల స్టాండు మీద పుస్తకం పెట్టుకొని నిలబడే రాస్తున్నాను. ఇరవై ఒక్క రోజుల్లో నాలుగు రోజులు తప్పాయి, అందులో మూడు సి షిఫ్టువే. ఆ వారం ఇంటికి వచ్చే వేళకు పిల్లల్ని బడికి పంపే హడావుడి ఉంటుంది. రాసినవాటిలో ఎక్కువ భాగం క్యాంటీను టీ గురించి, మా సెక్షనులో వచ్చే నెల రిటైరయ్యే పెద్దాయన గురించి. ఇది కథ అవుతుందో లేదో తెలియదు.

సి షిఫ్టు వారంలో ఏం చేస్తారో రాత్రి డ్యూటీలు చేసేవారెవరైనా ఉంటే చెప్పండి. నాకు అది ఎల్లుండి మొదలవుతుంది.