524287: మూడు భాగహారాలతో ప్రధాన సంఖ్య అని తేల్చేస్తే రుజువేనా?

కావలి లెక్కలు: చూస్తే నెల్లూరు పిన్ కోడ్‌లా ఉంది గానీ ఇది 2^19 − 1. ప్రధాన సంఖ్యేనని ఇటలీ గణితవేత్త కటాల్డి 1588లోనే తేల్చాడు. వర్గమూలం 724 పైన చిల్లర, ప్రధానం కాకపోతే ఆ లోపు ప్రధాన సంఖ్య ఏదో ఒకటి దీన్ని భాగించి తీరాలి. 724 లోపు ప్రధాన సంఖ్యలు 128. పిల్లల చేత 191, 457, 647తో మాత్రం భాగింపజేసి "అయిపోయింది" అంటే ఎట్టా? మిగతా 125 ఏమైనట్టు?

ఒంగోలు సున్నా: అవి ముందే రాలిపోయాయి సార్. క్యూ అనే ప్రధాన సంఖ్య దీన్ని భాగిస్తే, క్యూతో భాగించినప్పుడు 2^19 శేషం 1. ఘాతాంకం 19 ప్రధానం గనక అంతకన్నా చిన్న ఘాతానికి 1 రాదు. ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2^(క్యూ − 1)కీ శేషం 1, కాబట్టి క్యూ − 1ని 19 భాగించాలి. క్యూ బేసి, కాబట్టి 38 భాగించాలి. 39, 77, 115... ఇట్టా 723 దాకా పంతొమ్మిదే. అందులో ప్రధానాలు 191, 229, 419, 457, 571, 647.

ఇంకో జల్లెడ: క్యూతో భాగిస్తే 2^19 శేషం 1 గనక 2^20 శేషం 2, అది 1024 వర్గం. అంటే క్యూ దృష్ట్యా 2 ఒక వర్గ శేషం, ఒక వర్గాన్ని క్యూతో భాగిస్తే మిగిలేది. అప్పుడు క్యూని 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. 229, 419, 571 పోయాయి. మిగిలిన మూడిటికీ శేషాలు వరసగా 183, 108, 217.

కందుకూరు కాలిక్యులేటర్: ఇంత తంటా ఎందుకన్నా? 2 ఆధారంగా ఫెర్మా పరీక్ష పెడితే సరి: 2ని (సంఖ్య − 1) ఘాతానికి పెంచి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం 1 రావాలి.

ఒంగోలు సున్నా: ఇక్కడ అది దండగ తమ్ముడూ. 2^11 − 1 అంటే 2047 = 23 × 89. అదీ ఆ పరీక్ష పాసవుతుంది, ఎందుకంటే 2046ని 11 భాగిస్తుంది. ఘాతాంకం ప్రధానమైతే ఈ రకం సంఖ్యలన్నీ పాసే. లూకాస్–లేమర్ అయితే నిజమైన పరీక్షే: 4తో మొదలెట్టి, వర్గం చేసి 2 తీసేసి, 524287తో భాగించి శేషం ఉంచుకోవడం, ఇట్టా 17 సార్లు; చివర సున్నా వస్తే ప్రధానం. ఆరంకెల వర్గాలు చేత్తో చేస్తే ఒక్క అంకె తప్పినా చివర సున్నా రాదు, ఎక్కడ జారిందో దొరకదు. మూడు భాగహారాలే నయం.

కావలి లెక్కలు: కటాల్డి 23, 29, 37 ఘాతాంకాలకీ ప్రధానమే అన్నాడు, తప్పయింది. తొందరపడితే అంతే.

ఒంగోలు సున్నా: ఆ మూడిటికీ ఇదే జల్లెడ పట్టి చూడండి సార్. మొదట మిగిలేవి 47, 233, 223. మూడు చోట్లా మొదటి భాగహారంలోనే శేషం సున్నా!

కావలి లెక్కలు: బాగుందబ్బా. అయినా 8 నియమం పిల్లలకి గాల్లోంచి ఊడిపడినట్టే. 38 దాకా రుజువు రాసి ఆరిటితో భాగిస్తే నేను పూర్తి మార్కులిస్తా. మూడే చేస్తానంటే 229ని ఎందుకు వదిలేశాడో కూడా రాయాలి.