లాక్టోజ్ (పాలలోని చక్కెర) పడనివాళ్ళు పెరుగు తినొచ్చా, వద్దా? ఎవరైనా తేల్చి చెప్పండి

బరంపురం కుర్రాడు: పొద్దున్నుంచి నెట్‌లో వెతికి వెతికి తల వాచిపోయింది. ఒకరు పెరుగు తినమంటారు, ఇంకొకరు ముట్టుకోవద్దంటారు. నాకు లాక్టోజ్ పడదని డాక్టరుగారు చెప్పారు. పాలు పూర్తిగా మానేసి పెరుగులోకి దిగాను. అయినా కడుపుబ్బరం, గుడగుడ, బాత్రూమ్‌కి పరుగులు. ఇంకేం మానాలి?

రాయగడ మాస్టారు: దేశవాళీ ఆవు పాలు తాగు నాయనా, ఏ2 పాలు. జెర్సీ ఆవులొచ్చాకే ఈ రోగాలన్నీ. మా ఇంట్లో మూడు తరాలుగా...

జయపురం అక్క: ఏ2 అనేది ప్రొటీన్ సంగతి. లాక్టోజ్ అన్ని ఆవుల పాలలో ఉంటుంది. గేదె, మేక పాలలోనూ.

రాయగడ మాస్టారు: ఎలర్జీకి ప్రొటీనే కదమ్మా కారణం?

జయపురం అక్క: ఇది ఎలర్జీ కాదు మాస్టారూ. పేగుల్లో లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ ఎంజైమ్ తగ్గడం. ఎలర్జీ అయితే కాస్త పాలకే దద్దుర్లు, ఊపిరాడకపోవడం రావచ్చు. రెండూ ఒకటే అనుకుంటే ప్రమాదం.

పర్లాకిమిడి బావ: ఇవన్నీ సరే. తమ్ముడూ, ఏ పెరుగు? ఎక్కడ తింటున్నావ్?

బరంపురం కుర్రాడు: సాయంత్రం బజార్లో లస్సీ అన్నా. పైన రబ్డీ, కొబ్బరి వేసి ఇస్తారే, అదే. పెరుగేగా?

పర్లాకిమిడి బావ: రబ్డీ అంటే మరిగించి దగ్గరపెట్టిన పాలు. నీళ్ళు ఆవిరైపోతాయి, లాక్టోజ్ అక్కడే ఉంటుంది. కోవాదీ అదే కథ. ఇంట్లో తోడేసిన పెరుగు కొద్దిగా అన్నంలో కలుపుకో. అందులోని బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ని ముందే తినేస్తాయి, మిగతాది అరగడానికీ సాయపడతాయి. మజ్జిగపులుసు కాస్తే మాత్రం అవి చచ్చిపోతాయి. నెయ్యికి భయం లేదు. ఛెనా, అదే పాల విరుగుడు ముద్ద, కూడా కాస్త తిని చూడు, పాలు విరిచినప్పుడు లాక్టోజ్ చాలావరకు నీళ్ళతో పోతుంది. చాలామంది 12 గ్రాముల లాక్టోజ్ దాకా, అంటే దాదాపు గ్లాసు పాలంత, భోజనంతోపాటు తట్టుకుంటారు. పరగడుపున వద్దు.

రాయగడ మాస్టారు: ఛెనా అంటే గుర్తొచ్చింది, దాంతో చేసే రసగుల్లా మనదే! ఒడిశా రసగోలాకి 2019లో జీఐ ట్యాగ్ (ఫలానా ప్రాంతపు సరుకు అనే గుర్తింపు) వచ్చింది.

జయపురం అక్క: బెంగాల్ వాళ్ళకి 2017లోనే వచ్చింది.

రాయగడ మాస్టారు: అది వేరే రకానికి. పూరీ జగన్నాథుడికి ఎప్పటి నుంచి నైవేద్యం పెడుతున్నారో అడగండి!

బరంపురం కుర్రాడు: బావా, లాక్టేజ్ మాత్రలు పనిచేస్తాయా?

పర్లాకిమిడి బావ: మొదటి ముద్దతో వేసుకోవాలి. కడుపునొప్పి మొదలయ్యాక వేస్తే లాభం లేదు. ఒకసారి డాక్టర్ని అడిగి వేసుకో.

బరంపురం కుర్రాడు: ఓకే, థాంక్స్. రబ్డీ లేకుండా లస్సీ ఇమ్మంటే ఇస్తారంటారా?