మూడు నోడ్ల కసాండ్రా క్లస్టర్: ఒక్కొక్క నోడ్‌కు బ్యాకప్ చోటు వేరుగా ఉండాలా?

ప్రశ్న (బరంపురం నుంచి)

నమస్కారం. విత్తనాలు, ఎరువుల టోకు వ్యాపారంలో సర్వర్లు చూసుకుంటున్నాను. మాది కసాండ్రా 4.1 (డేటాను పలు సర్వర్లలో ఉంచే డేటాబేస్), మూడు నోడ్లు, అంటే మూడు సర్వర్లు, రెప్లికేషన్ ఫ్యాక్టర్ 3, అంటే ప్రతి డేటాకూ మూడు కాపీలు. రెండు నోడ్లు బరంపురం గోదాములోనూ ఒకటి రాయగడ శాఖలోనూ ఉన్నాయి. ప్రతి రాత్రి క్రాన్ (వేళకు ఆదేశాలు నడిపే ఏర్పాటు) ద్వారా మూడింటి మీదా నోడ్‌టూల్ స్నాప్‌షాట్ ఆదేశం నడుస్తుంది కనుక బ్యాకప్ ఉన్నట్టేనని నిశ్చింతగా ఉన్నాను. మొన్న ఒక నోడ్‌లో డిస్కు నిండిపోయింది. చూస్తే సగానికి పైగా చోటును పాత స్నాప్‌షాట్లే ఆక్రమించాయి. ఇప్పుడు గోదాములో ఒక ఎన్‌ఏఎస్ (నెట్‌వర్కు ద్వారా వాడే నిల్వ పెట్టె) పెట్టాము. మూడు నోడ్లకూ దానిలోని ఒకే ఫోల్డరు చూపితే సరిపోతుందా? మూడు చోట్లా అదే డేటా ఉన్నప్పుడు మూడుసార్లు బ్యాకప్ ఎందుకని మా యజమాని కూడా అడుగుతున్నారు.

జవాబు 1 (పర్లాకిమిడి నుంచి)

స్నాప్‌షాట్ ఫైళ్లను వేరే చోటికి కాపీ చేయదండీ. టేబుల్ డైరెక్టరీ లోపలే స్నాప్‌షాట్స్ అనే ఫోల్డరులో ఎస్‌ఎస్‌టేబుల్ ఫైళ్లకు (కసాండ్రా డేటా ఉండే ఫైళ్లు) హార్డ్ లింకులు పెడుతుంది, అంటే ఉన్న ఫైలుకే రెండో పేరు తగిలిస్తుంది. తీసిన క్షణాన అది చోటు తినదు. తరువాత కంపాక్షన్ పాత ఫైళ్లను కలిపి కొత్తది రాసి, పాతవాటిని తీసివేసినప్పుడు, రెండో పేరు ఇంకా మిగిలి ఉన్నందున ఆ చోటు ఖాళీ కాదు. డిస్కు చెడిపోతే రెండు పేర్లూ కలిసే పోతాయి కాబట్టి, ఇన్నాళ్లూ మీ దగ్గర ఉన్నదాన్ని బ్యాకప్ అనలేము.

ఒకే ఫోల్డరు మాత్రం వద్దు. టేబుల్ డైరెక్టరీ పేరు చివర ఉండే గుర్తింపు క్లస్టర్ అంతటా ఒకటే. లోపలి ఫైలు పేరేమో ఎన్‌బీ-1-బిగ్-డేటా.డీబీ తరహాలో, ప్రతి నోడూ తన సొంత వరుస సంఖ్యతో పెట్టుకునేది. రెండు నోడ్లలో ఒకే పేరుతో వేర్వేరు ఫైళ్లు ఉండటం మామూలే కనుక, వెనుక వచ్చినది ముందు వచ్చినదాన్ని చప్పుడు చేయకుండా చెరిపేస్తుంది. ఫైలు పేర్లలో యూయూఐడీ (మరొకదానితో కలవని గుర్తింపు) వాడే సెట్టింగు 4.1లో ఉన్నా, మనం మార్చనంతవరకు అది ఆఫ్‌లోనే ఉంటుంది. క్లస్టర్ పేరు, దాని కింద నోడ్ హోస్ట్ ఐడీ (ఆ నోడ్‌కు కసాండ్రా ఇచ్చే గుర్తింపు), దాని కింద తేదీ అన్న వరుసలో ఫోల్డర్లు పెట్టుకోండి. ఐపీ చిరునామా మారవచ్చు కనుక దానితో పేరు పెట్టకండి. ప్రతి తేదీ ఫోల్డరులో స్కీమానూ (టేబుళ్ల నిర్మాణం) ఆ నోడ్ టోకెన్లనూ (ఏ డేటా భాగం ఆ నోడ్‌దో తేల్చే సంఖ్యలు) రాసి ఉంచితే, ఫైళ్లను మళ్లీ అదే టోకెన్ల నోడ్‌లో నేరుగా పెట్టుకోవచ్చు.

మీ యజమాని ప్రశ్న న్యాయమైనదే. అయితే కోరమ్‌తో, అంటే ఎక్కువమంది ఒప్పుదలతో, రాసినప్పుడు మూడింటిలో రెండు నోడ్లు ఒప్పుకుంటే చాలు. మూడోదానికి చేరని వరుసలు రిపేర్ (నోడ్ల మధ్య తేడాలు సరిచేసే పని) జరిగేదాకా దానిలో ఉండకపోవచ్చు, ఆ ఒక్కదాన్నే దాచుకుంటే ఆ లోటునూ దాచుకున్నట్టే. రేపు నాలుగో నోడ్ చేరితే, ఏ ఒక్క నోడ్‌లోనూ మొత్తం డేటా ఉంటుందన్న హామీ ఉండదు.

జవాబు 2 (జయపురం నుంచి)

పై మాటలన్నీ ఒప్పుకుంటాను కానీ, ఆ ఎన్‌ఏఎస్ గోదాములోనే ఉందన్నది నాకు మింగుడు పడలేదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మీ పక్కనే ఉన్న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. సరిగ్గా ఏడాదికి హుద్‌హుద్ విశాఖపట్నాన్ని కొట్టింది. 2018లో తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను ముంచింది. కాబట్టి రెండో కాపీకి విశాఖను ఎంచుకోవడం కూడా నాకు నచ్చదు. రాయగడ శాఖలో ఇంకొక పెట్టె పెట్టండి, లేదా ముంబయి, హైదరాబాదు క్లౌడ్ స్టోరేజీకి పంపండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. రాయగడ లైను సన్నగా ఉంటుంది. మూడు నోడ్లూ ఒకేసారి కాపీ మొదలుపెడితే బిల్లింగు నిలిచిపోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు 1 (పర్లాకిమిడి నుంచి)

స్నాప్‌షాట్ మూడింటి మీదా ఒకే సమయానికి, ఒకే పేరుతో తీయండి. కాపీ మాత్రం గంట గంట తేడాతో, ఆర్‌సింక్‌కు (ఫైళ్లు కాపీ చేసే సాధనం) వేగ పరిమితి పెట్టి నడపండి. స్నాప్‌షాట్ ఫైళ్లు మారవు కనుక ఆలస్యం వల్ల నష్టం లేదు. కాపీ సరిగా ముగిసిందని తేలాకే క్లియర్‌స్నాప్‌షాట్ (స్నాప్‌షాట్‌ను తీసేసే ఆదేశం) నడిపి, దానికి ఆ రాత్రి పేరు ఒక్కటే ఇవ్వండి. 4.0 నుంచి పేరు గానీ ఆల్ అనే ఎంపిక గానీ ఇవ్వనిదే అది నడవదు. అన్ని స్నాప్‌షాట్లనూ చెరిపే ఆ ఆల్‌ను మాత్రం క్రాన్‌లో ఎన్నడూ రాయకండి.