శ్రీకాకుళంలో రెండ్రోజుల పని: రాత్రి ఉండిపోవాలా, వైజాగ్ వచ్చి మళ్లీ వెళ్లాలా?

గాజువాక కుర్రోడు:
బుధ, గురువారాల్లో శ్రీకాకుళంలో పని. రెండు రోజులూ పొద్దున్న 9కల్లా అక్కడుండాలి. ల్యాప్‌టాప్ బ్యాగు, దాంతోపాటు 15 కేజీల పనిముట్ల పెట్టె. లాడ్జి తీసుకోమంటారా, రోజూ వెళ్లి రమ్మంటారా? ఉంటే సాయంత్రం చూడ్డానికి ఏమున్నాయి?

మద్దిలపాలెం మావ:
వెళ్లొచ్చెయ్యండి. 110 కిలోమీటర్లకి లాడ్జి ఏమిటండీ. కాంప్లెక్స్‌లో, అదే మన ఆర్టీసీ బస్టాండులో, నాన్‌స్టాప్ ఎక్కితే రెండున్నర గంటలు. 6కి బస్సు, ఎనిమిదిన్నరకి దిగుతారు, ఆటో ఎక్కి 9కి పనిలో ఉంటారు.

నాగావళి ఒడ్డు:
ఏటి మావా, ఆ రెండున్నర గంటలు పొద్దున్న లెక్క. సాయంత్రం 6కి మా ఊర్లో బయల్దేరితే తగరపువలస దాకా బాగానే వస్తాది. మధురవాడ దగ్గర మొదలవుతాది అసలు సంగతి. కార్‌షెడ్, ఎండాడ, హనుమంతవాక, ఒక్కో సిగ్నలూ మొక్కుకుంటూ రావాలి.

రెండో ప్లాట్‌ఫాం:
రైలు సంగతి ఎవరూ చెప్పలేదు. టికెట్ మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ స్టేషనుండేది ఆమదాలవలసలో. ఊళ్లోకి ఇంకా 12, 13 కిలోమీటర్లు. పైగా రైలు కొత్తవలస, విజయనగరం, చీపురుపల్లి చుట్టి వెళ్తుంది కాబట్టి దూరం 130 దాకా వస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇంకో చిక్కు: కొన్ని బళ్లు విశాఖ స్టేషన్‌లోకి రావు, బయట్నుంచే దువ్వాడ మీదుగా పోతాయి. గాజువాక వాళ్లకి అదే మేలు, దువ్వాడ దగ్గర కదా. మిగతావాళ్లు మాత్రం ఏ బండి ఏ దారిన పోతుందో చూసుకుని ఎక్కాలి.

మద్దిలపాలెం మావ:
ఆయన బస్సు గురించి అడిగితే మీరు రైలు పట్టుకున్నారేంటి?

రెండో ప్లాట్‌ఫాం:
ఆయన బస్సు అన్లేదు. పైన మళ్లీ చదవండి.

సింహద్వారం:
పని టౌన్లోనా, పైడిభీమవరంలోనా? అది కనుక్కోకుండా అందరూ సలహాలిచ్చేస్తున్నారు. పైడిభీమవరం కూడా శ్రీకాకుళం జిల్లానే, మందుల కంపెనీలన్నీ అక్కడే. వైజాగ్ ఆఫీసుల్లో దాన్నీ శ్రీకాకుళమనే అంటారు. అది హైవే మీద దారి మధ్యలోనే వస్తుంది. నాన్‌స్టాప్ ఎక్కారో, ఆపడు.

బిల్లుల బాబాయ్:
ఎక్కడైతేనేం. రాత్రికి ఇల్లు చేరగలిగే ఊరికి లాడ్జి బిల్లు పెట్టడం భావ్యం కాదు. ఇలా ఉండిపోయేవాళ్లు సాయంత్రం అరసవల్లి సూర్యదేవుడి గుడి, మర్నాడు శ్రీకూర్మం గుడి చూసుకుని వస్తారు, వాటి ఆటో ఖర్చు ‘స్థానిక రవాణా’ అని రాస్తారు. ఈ బిల్లులు చూసీ చూసీ కళ్లు కాయలు కాశాయి.

నాగావళి ఒడ్డు:
అరసవల్లికి ఊర్లోంచి రెండు కిలోమీటర్లు బాబాయ్. దానికి మీ కంపెనీ దివాలా తీస్తాదా?

10 నంబరు పానా:
బాబాయ్ గారూ, లెక్కే కదా, వేద్దాం. గాజువాక నుంచి కాంప్లెక్స్‌కి ముప్పావుగంట. 6 గంటల బస్సంటే 4కి లేవాలి. సాయంత్రం 6కి పని వదిలితే రాత్రి పదికి ఇల్లు. మర్నాడు మళ్లీ 4కి లేవాలి. రెండో రోజే కదా చివరి బిగింపులు, చెకింగులు ఉండేవి. నిద్ర చాలనివాడు నట్టు వేలితో తిప్పి, పానాతో బిగించడం మర్చిపోతాడు. అది ఒక్కటి వదులైతే చాలు, మూడోసారి వెళ్లాలి. ఆ ఖర్చు ఏ పద్దులో రాస్తారు?

ఇక 15 కేజీల పెట్టె. నిండు బస్సులో కాళ్ల దగ్గర పట్టదు, పైన పెట్టనివ్వరు. ఉండిపోతే ఒక్కసారి మోసుకెళ్లి సైటులో తాళం వేసుకోవచ్చు. మావ గారు మద్దిలపాలెంలో ఎక్కి మద్దిలపాలెంలోనే దిగుతారు కాబట్టి ఆయనకి శ్రీకాకుళం పక్కూరు.

మద్దిలపాలెం మావ:
నేనెక్కడ ఎక్కితే మీకెందుకండీ. నేను చెప్పింది దూరం, సమయం.

10 నంబరు పానా:
మీరు చెప్పింది మీ ఇంటి నుంచి సమయం.

గాజువాక కుర్రోడు:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగా. బుధవారం పైడిభీమవరం, గురువారం టౌను అట.

సింహద్వారం:
నే చెప్పలా! బుధవారం ఎక్స్‌ప్రెస్ ఎక్కి, పైడిభీమవరంలో ఆపుతాడో లేదో ముందే కండక్టర్ని అడగండి. పనయ్యాక వెనక్కి రాకండి, ముందుకే వెళ్లి టౌన్లో పడుకోండి. గది అక్కడి ఆర్టీసీ కాంప్లెక్స్‌కి దగ్గర్లో చూసుకోండి, హైవే మీద వద్దు. బిల్లు మీద కంపెనీ పేరు, జీఎస్టీ నంబరు రాయించండి, లేకపోతే బాబాయ్ లాంటివాళ్లు తిప్పి పంపుతారు.

బిల్లుల బాబాయ్:
పంపుతాను. అసలు నాకు పేచీ లాడ్జి మీద కాదు. బస్సులో కూర్చున్న గంటలు పని గంటలు కావు. ఈ కాలం పిల్లలు అవీ కలిపి లెక్క చెబుతున్నారు.

10 నంబరు పానా:
అదీ అసలు మాట! లాడ్జీ రైలూ అంటూ ఇంతసేపు తిప్పారు. పోనూ రానూ ఏడెనిమిది గంటలు ఆఫీసు పెట్టె మోస్తూ కూర్చుంటే అది పని కాదు, సెలవూ కాదు. మరేంటది?

బిల్లుల బాబాయ్:
ప్రయాణం.

10 నంబరు పానా:
ఎవరి కోసం?

రెండో ప్లాట్‌ఫాం:
గురువారం మధ్యాహ్నానికి తెమిలితే పొందూరు చూడండి. ఆమదాలవలస నుంచి విజయనగరం వైపు దగ్గరే, రైల్వే స్టేషనూ ఉంది. అక్కడ వాలుగ చేప దవడ ఎముకతో, దాని సన్నటి పళ్లతో, పత్తిని దువ్వుతారు. ఆ దూదితోనే 100 కౌంటు నూలు, అంటే బాగా సన్నటి నూలు, వడుకుతారు. ఖాదీ కొనేటప్పుడు గుడ్డని వెలుతురుకి ఎత్తి చూడండి. చేత్తో వడికిన పోగు అక్కడక్కడా కాస్త లావెక్కి సన్నబడుతుంది. పోగులన్నీ గీత గీసినట్టు ఒకే మందంలో ఉంటే ఒకటికి రెండుసార్లు అడగండి.

నాగావళి ఒడ్డు:
బుధవారం సాయంత్రం అరసవల్లి చాలు, శ్రీకూర్మం పెట్టుకోకండి, చీకటి పడిపోతాది. సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడేది మార్చి, అక్టోబరు నెలల్లోనే, అదీ పొద్దున్నే. రథసప్తమి వారంలో మాత్రం గదులు దొరకవు.

బిల్లుల బాబాయ్:
ఖాదీ బిల్లు మాత్రం పెట్టొద్దు.